కేశవరావు సింగపూర్‌లో గీసిన ఇల్లు

కాకినాడలో కేశవరావు ఇంజినీరుగారంటే ఒక హోదా. కల్యాణ మండపాలు, రెండు సినిమా హాళ్ళు, మిల్లు ఓనర్ల మేడలు, అన్నీ ఆయన చేతి మీదుగా లేచినవే. మేడ ముందు ఏనుగు తొండాలు పెట్టమని ఓనరు పట్టుబడితే మొహం చిట్లించుకుంటూనే పెట్టేవాడు. తిట్టుకుంటూ కట్టినా సరే, ఆ వీధిన పోతే తలెత్తి ఒకసారి చూసుకోకుండా కదిలేవాడు కాదు.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు మర్చిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, ఆయన భార్య వసుంధరకు సింగపూర్ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆవిడ వెనకాలే ఈయనా వచ్చాడు. ఇక్కడ ఆయన చదువు చెల్లలేదు. తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరాడు. అంటే, ఎవరో ఆలోచించిన బిల్డింగుకి ఈయన మెట్లూ, లిఫ్టు గుంటలూ, చెత్త కిందికి జారే గొట్టాలూ గీయాలి. నిన్నగాక మొన్న కాలేజీ దాటిన ఆర్కిటెక్టులు అంకుల్, ఇది మార్చండి అంటే మార్చాలి. జీతం బాగుంది, ఏసీ బాగుంది. పునాది నుంచి కప్పుదాకా తన బుర్రలో పుట్టిన ఇల్లు ఇంకొక్కటి కట్టాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

సింగపూర్ వచ్చిన ఏడో ఏట భద్రయ్య దొరికాడు. బిల్డింగు సైటులో ఇనప చువ్వలు కట్టే మనిషి, పలాస దగ్గరి పల్లె. ఊళ్ళో ఇల్లు కట్టుకుంటాను, ఓ ప్లాను గీసిపెట్టండి సార్ అని అడిగాడు. అడగడమే ఆలస్యం, కేశవరావు టోవా పాయోలోని తన ఫ్లాట్లో నెల్లాళ్ళు తిండీ నిద్రా మర్చిపోయి గీశాడు. ఆ శ్రద్ధ తన మీద ఎప్పుడైనా పెట్టారా అని వసుంధర దెప్పింది కూడా.

ఒక ఆదివారం తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టీ గ్లాసులు పక్కకు జరిపి ప్లాను పరిచాడు. భద్రయ్య మురిసిపోయి, ఊరికి ఫోన్ కలిపి, భార్య కొండమ్మకు గదులన్నీ చెప్పుకొచ్చాడు. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగిందట, పెరట్లోకి గుమ్మం ఎటువైపని.

కేశవరావు ప్లాను చూశాడు. గుమ్మం లేదు. అసలు పెరడే లేదు. వీధి తలుపొకటి, బట్టలారేయడానికి కిటికీ బయట కర్రలు. పలాస పల్లెలో సింగపూర్ ఫ్లాటు నిలబెట్టాడు మహానుభావుడు. మరొకరు చేసుంటే పగలబడి నవ్వేవాడే. ఇన్నేళ్ళూ ఏ పని కోసం తపించిపోయాడో, ఆ పనే చెయ్యి మరిచిపోయింది.

"మేస్త్రి పెట్టేస్తాడు లెండి సార్" అన్నాడు భద్రయ్య ఓదార్పుగా. ఆ మాటకు కేశవరావు ఇంకా కుంగిపోయాడు.

ఫోన్ ఇటివ్వమన్నాడు. తప్పయిందమ్మా, పొద్దున లేచింది మొదలు మీరు ఎక్కడెక్కడ తిరుగుతారో చెప్పండి అన్నాడు. కొండమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత జీడిపిక్కలు ఎక్కడ ఆరబోస్తుందో, అంట్లు ఎక్కడ వేస్తుందో, వానాకాలం పొయ్యి ఎక్కడికి మారుతుందో ధారాళంగా చెప్పింది. ఆయన కాగితం తిరగేసి, పెరటి వైపు నుంచి మొదలుపెట్టి పెన్సిలుతో గీస్తూ పోయాడు. టేబులు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని జనం ట్రేలు పట్టుకుని నిలబడ్డా పట్టించుకోలేదు.

చివరికి కొండమ్మ అంది: "ఇల్లయ్యాక మీరు రావాల బాబూ. మీరు లోపల అడుగెట్టాకే పాలు పొంగిస్తాం."

ఏడేళ్ళలో ఆయన గీతల మీద ఎన్నో బిల్డింగులు లేచాయి. వచ్చి చూడమని పిలిచిన మనిషి లేడు. ఫోను భద్రయ్య చేతిలో పెట్టి, వస్తానని నువ్వే చెప్పమన్నట్టు తలూపాడు.