పెద్దబాపు పెంచిన గడ్డి

మా పక్కింటి పెద్దబాపు దసరా దాటాక ఒకరోజు పొద్దున చాయ్ తాగి, గోడకు ఒరిగి కూర్చున్నవాడు అలాగే పోయాడు. నేను కేసముద్రం మార్కెట్లో మక్కల బస్తాలు దింపిస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి, "పెద్దబాపు లేడు బిడ్డా" అంది. పని అక్కడే వదిలేసి డోర్నకల్ వచ్చేశాను. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉండేది, వరసలు అలా కలిసిపోయాయి.

ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల మధ్య గడ్డి చెక్కడం కూడా ఆయన పనే. రిటైరయ్యాక వాకిట్లో ఏ గులాబీలో బెండకాయలో వేస్తాడనుకుంటే, ఏకంగా గడ్డి నాటాడు! వాగు ఒడ్డు నుంచి రెల్లు దుబ్బు తవ్వి తెచ్చాడు. నర్సరీకి పోయి ఊదారంగు కంకుల గడ్డి, ఆకుల మీద తెల్లచారలున్న గడ్డి కొన్నాడు. బజారంతా నవ్వింది. "పెద్దబాపూ, పట్టాల మీది గడ్డి సాలలేదా?" అని నేనూ ఆటపట్టించాను.

"గప్పుడు పీకుమన్నరు, పీకిన. పీకెటప్పుడే అనుకున్న, గిది ఎంత సక్కగున్నదో అని" అన్నాడు. నాకు మళ్లీ నవ్వాలనిపించలేదు.

గడ్డే కదా, దానంతటదే పెరుగుతుందని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. రెల్లు వేర్లు వాకిలంతా పాకకుండా, అడుగు తీసేసిన పాత డ్రమ్మును భూమిలోకి దించి అందులో నాటాడు. నేను ఎరువు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "కడుపునిండ పెట్టొద్దు. బలిస్తే కూలబడ్తది." ఎండలు ముదరకముందే ఒక్కో దుబ్బునూ తాడుతో నడుముకు కట్టి, జానెడు మోడు మిగిల్చి కొడవలితో కోసేసేవాడు. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన మాత్రం నీళ్లు పోసి నిశ్చింతగా వెళ్లి పడుకునేవాడు. పాతబడిన దుబ్బు నడుమ ఎండిపోతే పారతో చీల్చి, అంచున పచ్చగా ఉన్న పిలకల్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచేవాడు. "నడుమ సచ్చిందని పరేషాన్ గావద్దు, అంచులకు పానముంటది" అని ధైర్యం చెప్పి మరీ ఇచ్చేవాడు. మా ఇంటి ముందున్న దుబ్బు అలా వచ్చిందే. కాలి కింద పడేదాన్ని కూడా ఆగి చూడటం నాకు నేర్పింది ఆయనే.

ఆ గడ్డికి ఒకే ఒక్క శత్రువు పెద్దమ్మ, ఆయన భార్య. పాములొస్తాయని రోజూ పోరు పెట్టేది. "నువ్వు ఏ ఊరికన్న పోతివా, గడ్డంత పీకి పారేస్త సూడు!" అనేది. ఆయన ఎండుటాకులు ఏరుతూ, "పీకు. నీ చేతులే కోస్కపోతయ్" అనేవాడు. వాళ్ల కొట్లాట వినకపోతే మాకు పొద్దు పొడిచినట్టు ఉండేది కాదు.

అందుకే ఆయన పోయాక నాకు గడ్డి మీదే బెంగ పట్టుకుంది. జ్ఞాపకార్థ ప్రార్థనకు చుట్టాలంతా వస్తారు. టెంటు వేయాలంటే వాకిట్లో దుబ్బులన్నీ తీసేయాలన్నాడు టెంటాయన. పెద్దమ్మ తమ్ముడు పార తెచ్చాడు. ఇల్లు వాళ్లది, వద్దనడానికి నేనెవర్ని?

పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి పార పట్టుకుంది. "టెంటు బజార్ల ఏయుండ్రి."

"పీకు పీకుమని మొత్తుకున్నది నువ్వే గదక్కా?" అన్నాడు తమ్ముడు.

"మొత్తుకున్న. ఇనెటాయన ఉండె, మొత్తుకున్న."

టెంటు బజార్లోనే, వీధికి అడ్డంగా వేశారు. ట్రాక్టర్లు వెనక్కి మళ్లి పక్క సందులోంచి పోయాయి. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పెద్దమ్మ ప్రహరీ వారగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గాలికి రెల్లు కంకులు గోడ మీంచి వంగి, తెల్లటి నూగు ఆమె నీలం చీర మీద, జుట్టు మీద రాలుతోంది. కోడలు దులపబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.