రాజుల కాలం కొల్లేట్లో ఏరేటర్

సినిమాలో రాజుల కాలంనాటి కొల్లేట్లో, ఇప్పటి చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ గిరగిరా తిరుగుతోంది. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ సూపర్వైజర్ గారు స్క్రీన్ మీద చూసింది అదే. "ఏవండీ, రాజుగారు చేపలు కూడా పెంచేవారా?" అని ఫోన్లో అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు కూర్చుని, ఒక్కో ఫ్రేమూ పట్టుకుని, ఆ ఏరేటర్‌ని చెరిపింది నేనే.

మాది ఏలూరు. పెళ్లి ఆల్బమ్‌లు దిద్దుకునేదాన్ని, మెల్లగా సినిమా షాట్లు దిద్దడం నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెంలో ఒక అక్క నాతో కలిసి చేసేవారు. షాటు తయారుచేయడం నా వంతు, చివర్న ఫ్రేములన్నీ బయటికి తీసే రెండరింగ్ ఆవిడ వంతు. మంచి కంప్యూటరు ఆవిడ దగ్గరే ఉంది మరి. నెట్ మీద అంత బరువు కదలదు కాబట్టి హార్డ్‌డిస్కు రైల్లో తిరిగేది. అక్క వాళ్లాయన రోజూ ఏలూరు ఆఫీసుకి వస్తారు. ఆయన క్యారేజీ సంచిలో పెరుగన్నం పక్కన మా సినిమా ఉండేది.

"ఇలాగైతే కుదరదండీ. రెండర్ కూడా మీరే చేసుకోండి, గూడెం ఆవిడని మానిపించేయండి," అన్నారు ఆ ఫోన్లోనే సూపర్వైజర్ గారు. ఒళ్లు మండిపోయి ఉన్నానేమో, "సరేనండీ" అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు, చిన్నప్పట్నించీ అంతే.

ఆ ఊపులోనే అక్కకి ఫోన్ చేసి కడిగేశాను. "ఏరేటర్ ఉన్న పాత ఫ్రేములు ఎలా పంపారండీ? కళ్లు పెట్టి చూడక్కర్లేదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. "నేనేం ముట్టుకోలేదండీ. మీరు చెప్పినట్టే బటన్ నొక్కాను. పూర్తయిందని చూపించిందండీ."

ఫోన్ పెట్టాక గుర్తొచ్చింది. ఫ్రేములు ఏ ఫోల్డర్లో పడాలో ఆ దారిని ప్రతి షాటుకీ ఆవిడే చేత్తో మార్చుకునేవారు. ఈసారి తొందరలో నేనే, "ఏమీ ముట్టుకోకండి, నొక్కేయండి చాలు" అన్నాను. ఫైలు తెరిచి చూద్దును కదా, దారి మొత్తం నా కంప్యూటరుదే: నా డి డ్రైవు, నా ఫోల్డరు. గూడెం కంప్యూటరు బుద్ధిగా తన డి డ్రైవులో అదే పేరుతో ఫోల్డరు కట్టుకుని, కొత్త ఫ్రేములన్నీ అందులో దాచేసింది. డిస్కులో, ఏరేటర్ చెరపకముందు పరీక్షకి నేను తీసిన పాతవే మిగిలాయి. వాటిని తెరిచైనా చూడకుండా హైదరాబాద్ పంపిందీ నేనే. ఛీ, నా బతుకు! తప్పు నాది, పని పోయేది ఆవిడది.

ఉన్నవి తెప్పించుకుంటే ఈ షాటు గట్టెక్కేదే, కానీ తర్వాతి షాటుకి మళ్లీ ఇదే గోల. రెండు రోజులు కూర్చుని, కంప్యూటరుకి పని చెప్పే చిన్న స్క్రిప్టు రాశాను. "ఎవరి కంప్యూటరైనా నీకనవసరం. ఈ ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చూడు, అందులోనే రెండర్ ఫోల్డరు వెతుకు, లేకపోతే కట్టు, ఫ్రేములు అక్కడ పడెయ్." అంతే దాని సారం. డోరు నంబరు చెప్పకుండా "మీరు నించున్న చోటి నుంచి రెండో గుమ్మం" అంటామే, అలాగన్నమాట. మొదటిసారి బొక్కబోర్లా పడింది. ఒక్కసారైనా సేవ్ చెయ్యని ఫైలుకి ఊరూ పేరూ ఉండదు, ఎక్కడని వెతుకుతుంది పాపం? ముందు సేవ్ చెయ్యమని అడిగే లైను ఇంకోటి చేర్చాను.

తర్వాత సూపర్వైజర్ గారికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "సరే, ఈ షాటు గూడెం నుంచే మళ్లీ రానివ్వండి, చూద్దాం," అన్నారాయన.

డిస్కు వెళ్లింది, మర్నాడు తిరిగొచ్చింది. ఈసారి ప్రతి ఫ్రేమూ తెరిచి చూశాను. పక్షులున్నాయి, నీళ్లున్నాయి, పడవుంది, ఏరేటర్ లేదు. అన్నీ ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. కుర్చీలోంచి లేచి గంతేసినంత పని చేశాను. చూడ్డానికి సరిపడా చిన్న వీడియోగా కుదించి నెట్ మీద పంపితే, సాయంత్రానికి హైదరాబాద్ నుంచి మాటొచ్చింది: గూడెం ఆవిడనే చెయ్యమనండి, ఆ స్క్రిప్టు మాకూ పంపండి.

అక్కకి ఫోన్ చేశాను. మంచి కబురు చెప్పేముందు కడుపులోది కక్కేయాలనిపించింది. "అక్కా, ఆ రోజు మిమ్మల్ని మానిపించమంటే నేను సరే అన్నానండీ."

"తెలుసండీ. ఆ సాయంత్రమే సూపర్వైజర్ సార్ ఫోన్ చేసి చెప్పేశారు."

"తెలిసీ మళ్లీ ఈ షాటు చేశారా?"

"మీ కోపం సంగతి నాకు తెలీదా అండీ? మళ్లీ రెండర్‌కని డ్రైవు ఖాళీ చేసి పెట్టుకుని, ఆ రెండు రోజులూ మీ డిస్కు కోసమే చూస్తూ కూర్చున్నాను."