రెండు వందల కలువ భరిణెలు

మా ఆవిడ లూసెట్ కుదురుగా కూర్చుని సూపు తాగడం నేను చాలా ఏళ్ళు చూడలేదు. ఫ్రాన్సులో మా లిమోజ్ వైపు గిన్నెలో నాలుగు చెంచాల సూపు మిగిలాక దాంట్లో ఎర్ర వైన్ పోసి, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగేస్తాం. భోజనం ముగిసిందనడానికి అదే గుర్తు. లూసెట్ మాత్రం నిండు గిన్నెలోనే వైన్ పోసేసుకుని, కిటికీ దగ్గర నిలబడి గబగబా ముగించేది.

"సూపేమైనా పారిపోతుందా?" అనేవాణ్ణి.

"అది పోదు. నేనే పోతాను," అనేది, అప్పటికే కోటు తొడుక్కుంటూ.

పోయిన నవంబరులో నిజంగానే పోయింది. కోటు మేకుకే ఉంది.

మేమిద్దరం ఫోషే గారి పింగాణీ కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. ఆమె పైఅంతస్తులో బొమ్మలు వేసేది, నేను కింద బట్టీ కాల్చేవాణ్ణి. పింగాణీ మీద రంగులేసేవాళ్ళకి తాము వేస్తున్న రంగు కనిపించదు. పొద్దుటి గులాబీ అవ్వాల్సింది కుంచె మీద బురదలా ఉంటుంది. బట్టీలో కాలి, చల్లారి, తలుపు తెరిస్తేగానీ అది గులాబీయో కాదో తెలియదు. అందుకే ఒక్కొక్కరి దగ్గరా ఒక పలక ఉంటుంది, ఏ పొడి కాలితే ఏ రంగవుతుందో చుక్కలు పెట్టి కాల్చినది. మిగతావాళ్ళు ఆ పలక చూసుకుని, వేసి, ఇంటికెళ్ళి నిద్రపోయేవారు. లూసెట్‌కి అది చేతకాలేదు. బట్టీ చల్లారేదాకా పదిసార్లు మెట్లు దిగి వచ్చి తలుపు మీద అరచెయ్యి పెట్టి చూసేది. మా పరిచయం అలాగే మొదలైంది.

పని బల్ల కింద ఆమె కుడికాలు ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. పక్క బల్ల జినెట్ తల పట్టుకునేది. "ఆ కాలు ఆపవే తల్లీ! నా గులాబీలకి ముళ్ళు మొలుస్తున్నాయి."

"మొలవనీవే. ముళ్ళు లేని గులాబీ ఎవడిక్కావాలి?"

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వసంతంలో పారిస్ దుకాణం ఒకటి కలువల పని పంపింది. చిత్రకారుడు మోనే గీసిన కలువకొలను చూసి, అరచేతిలో ఇమిడే మూత భరిణెల మీద దాన్ని దించాలి. అద్దాల బీరువాల్లో దాచుకునేవాళ్ళ కోసం రెండు వందలే చేస్తారు. అడుగున వరస సంఖ్య, 'చేత్తో చిత్రించినది' అన్న మాట, దాని కింద లూసెట్ పేరులోని రెండక్షరాలు. పాతికేళ్ళ పనిలో ఆమె అక్షరాలు ఒక వస్తువు మీదికెక్కడం అదే మొదటిసారి. అంతవరకూ కార్ఖానా ముద్రే ఉండేది.

తనిఖీ చేసే మదాం లాషో మొదటిరోజే చెప్పేసింది. "తొమ్మిది పువ్వులు. పువ్వుకి ఏడు కుంచె వేట్లు. రెండు వందలూ కవల పిల్లల్లా ఉండాలి."

"ఆ మహానుభావుడు వేట్లు లెక్కపెట్టుకునే వేశాడంటారా మేడమ్?"

"ఆయన మీద తనిఖీకి నేను లేను. నీ మీద ఉన్నాను. కూర్చో."

వారానికి ఇరవై చొప్పున పది వారాల పని. తనిఖీకి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటి నమూనా, అంటే ఒకటో నంబరు, ఫోషే గారి బీరువాలోకి పోతుంది. ఆ తర్వాత పోయిన వారం నెగ్గిన ఆఖరి భరిణె మదాం లాషో బల్ల మీద ఉంటుంది, ఈ వారం వచ్చినవాటిని దాని పక్కన పెట్టి చూస్తుంది. వాళ్ళమ్మ కూడా ఆ బల్ల దగ్గరే అలాగే చూసిందట. ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. ప్రతి వారం ఇరవైకి ఇరవై నెగ్గాయి.

తొమ్మిది వారాలు గడిచాయి. ఆఖరి ఇరవైని బుధవారం పొద్దున నేను బట్టీలో పెట్టి నిప్పు అంటించాను. పది గంటలకు ఫోషే గారు పైఅంతస్తుకు వచ్చి, శుక్రవారం మధ్యాహ్నం పారిస్ నుంచి ఫొటో తీసే ఆయన వస్తున్నాడనీ, ఒకటో నంబరునూ రెండు వందల నంబరునూ పక్కపక్కన పెట్టి తీస్తాడనీ చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే లూసెట్ సూపు పొయ్యి మీదే వదిలేసి, బల్ల చుట్టూ తిరుగుతోంది.

"ఫెర్నాన్, అవి రెండూ ఒకటి కావు."

"ఏవి?"

"ఒకటో నంబరు పొద్దున ఏడు గంటలు. బట్టీలో ఉన్నవి చీకటి పడే వేళ."

నాకు అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పింది. రెండో వారం నుంచీ గులాబీ పొడిలో ఊదా పొడి చిటికెడు కలిపిందట, నీళ్ళ రంగులో నీలం ఇంకాస్త. మూడో వారం మరో చిటికెడు. పక్క వారంతో పోలిస్తే తేడా కనపడనంత. పలక మీద చుక్కలు చూసుకుంటూ, కళ్ళతో చూడకుండానే కొలనులో పొద్దు నడిపింది.

"ఎందుకే? నీ రెండక్షరాలు ఉన్నాయి కదా వాటి మీద!"

"ఒకే పొద్దున రెండు వందల సార్లు నిద్ర లేవలేకపోయాను." కుర్చీ వీపు పట్టుకుంది. "నన్ను కుంచె పట్టనివ్వరు ఇంక. కాగితం మీద అచ్చేసిన పువ్వులంటించే గదిలో కూర్చోబెడతారు. ఫెర్నాన్, బట్టీ వేడి పెంచెయ్. నలభై డిగ్రీలు. గులాబీ మాడిపోతుంది, బట్టీ తప్పంటారు. ఆ ఇరవై మళ్ళీ వేస్తాను, ఏడు గంటలవే వేస్తాను, ఒట్టు. నీకు చీవాట్లే పడతాయి. నాకు బల్ల పోతుంది."

"సరే," అన్నాను.

తిరిగి వెళ్ళేసరికి బట్టీ ఎర్రగా ఉంది. పెంచడానికి ఇంకా గంట టైముంది. వేడి పెంచే మరపై చెయ్యి వేశాను కూడా. కానీ తొమ్మిది వారాలుగా తలుపు తెరిచి వాటిని బయటికి తీసింది నేను. ప్రతి శుక్రవారం ఏదో మారుతోందని నాకు తెలుస్తూనే ఉంది, దానికి పేరు మాత్రం ఆ రోజే దొరికింది. పొద్దు గుంకాక ఆ కొలను ఎలా ఉంటుందో చూడాలనిపించింది. గంట గడిచిపోయింది. చెయ్యి తీసేశాను.

శుక్రవారం పొద్దున తలుపు తెరిచాను. లూసెట్ మెట్ల మీదే ఆగిపోయింది. నా ముఖం చూసింది, భరిణెల వైపు చూడలేదు. వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

మదాం లాషో పోయిన వారం భరిణె పక్కన పెట్టి ఇరవయ్యీ నెగ్గించింది. తర్వాత ఫోషే గారు ఒకటో నంబరు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె రెండు వందల నంబరును దాని పక్కకు జరిపింది.

"మా అమ్మ బల్ల ఇది," అంది. "నా కళ్ళతోనే నన్ను గుడ్డిదాన్ని చేశావు, లూసెట్."



ఒక్కటీ పగలగొట్టలేదు. ఏ ఇంటి బీరువాలోకీ రెండు చేరవు కదా, ఎవరికి తెలుస్తుందన్నారు ఫోషే గారు. ఒకటో నంబరు పక్కన రెండో నంబరు పెట్టి ఫొటో తీయించారు. రెండు వందలూ అమ్ముడుపోయాయి. సోమవారం లూసెట్‌ను కాగితం పువ్వులంటించే గదిలో కూర్చోబెట్టారు. పువ్వుల్ని నీళ్ళలో నానబెట్టి, జరిపి, పళ్ళెం మీద అదమడం. అక్కడ ఎవరి అక్షరాలూ ఉండవు.

ఆ గదిలో పద్నాలుగేళ్ళు పనిచేసింది. కాలు ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని సూపు తాగడం మొదలుపెట్టింది, చివరి నాలుగు చెంచాల దాకా ఆగి, అందరిలాగే వైన్ పోసుకుని. ఎదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. లేచి ఏదో ఒకటి సర్దేవాణ్ణి. ఎందుకు తిప్పలేదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

పోయిన అక్టోబరులో ఆస్పత్రి మంచం మీద అడిగింది.

"ఆ రోజు మర ఎందుకు తిప్పలేదు?"

"చూడాలనిపించింది."

"నీ బుద్ధి కాల్చెయ్యా," అంది. కాసేపటికి, "చూశావుగా మరి. ఎలా ఉన్నాయి?"

"నీళ్ళు నల్లబడలేదు," అన్నాను. "ముదురు ఊదాలో, అడుగునెక్కడో పచ్చగా. కలువలు ముడుచుకోబోతున్నట్టు..."

"ఎన్ని?"

"ఏమో, లెక్కపెట్టలేదు."

"తొమ్మిదీ ఉండవు. చివరి దాంట్లో ఒకటి మానేశాను. ఆ వేళకి ఒకటైనా ముడుచుకుంటుంది కదా. మదాం లాషో కూడా చూసుకోలేదు. ఏ పక్కన మానేశానో చెప్పు చూద్దాం."

నేను కళ్ళు మూసుకుని ఆ భరిణె మూత చుట్టూ వెతకసాగాను. ఎడమవైపు? గట్టు దగ్గర?

"త్వరగా చెప్పవయ్యా," అంది.

కళ్ళు తెరిచి చూస్తే, దుప్పటి కింద ఆమె కుడికాలు ఆడుతోంది.