ఖాళీ గడిలో సున్నా

మ్యూజియం కింది అంతస్తులో పనిచేసే ఆమెను అందరూ చిప్పలక్క అనేవారు. ఉత్తరాన ఉన్న సరస్సుల నుంచి వచ్చే మంచినీటి ఆల్చిప్పలను కడిగి, ఆరబెట్టి, లోపలివైపు సన్నని పాళీతో నంబరు వేసేది. జతలో రెండింటి మీదా అదే నంబరు. సిరా ఆరాక పైన పల్చగా వార్నిష్. ఏ సరస్సు, ఎంత లోతు, ఏ తేదీ, ఎన్ని దొరికాయి అన్నది కార్డు మీద. జాబితాలోని ప్రతి సరస్సుకూ, ఎవరూ వెళ్లకపోయినా, ఒక కార్డు ఉండేది. ఇరవై ఆరేళ్లలో ఆమె వేసిన నంబరు ఒక్కటీ చెరగలేదు. తన అక్క ఇంట్లో వెనక గది, ఇక్కడ ఈ గది. అంతే ఆమె లోకం.

పని నేర్పిన ముసలి గుమాస్తా మొదటి రోజే చెప్పాడు. "నీళ్లలో దిగి వెతికి, లేవని తేలితేనే సున్నా. ఎవరూ వెళ్లకపోతే గడి ఖాళీగా వదిలెయ్యి. తెలియనిది రాయకపోవడం కూడా పనేనమ్మా."

కంప్యూటరు వచ్చిన ఏడాది తొమ్మిది వేల కార్డులూ ఆమే ఎక్కించింది. అది ఖాళీ గడిని ఒప్పుకునేది కాదు.

"సున్నా కొట్టి ముందుకు పోమ్మా. కొంపేం మునగదు" అన్నాడు కొత్త ఆఫీసరు.

మూడు వందల పన్నెండు చోట్ల కొట్టింది. తర్వాత సరిచేద్దామనుకుంది. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు.

పదకొండేళ్లకు నీటి శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక సరస్సు గట్టు మరమ్మతుకు నీరు తీసేస్తారట, అందులో ఆల్చిప్పలున్నాయా అని. తెరమీద సున్నా ఉంది. కార్డు తీసి చూస్తే గడి ఖాళీ.

"అది నేను కొట్టిన సున్నా సార్. అక్కడికి ఎవరూ వెళ్లలేదు. చూసొచ్చేదాకా ఆగమని రాయండి."

"ఇదొక్కటి తప్పంటే మూడొందలూ తప్పంటారు. మన పట్టిక మొహం ఎవడు చూస్తాడు? వదిలెయ్యమ్మా" అన్నాడు ఆఫీసరు.

తనే నీటి శాఖకు ఉత్తరం రాసి పంపింది. జవాబు లేదు. పదో రోజున సెలవు పెట్టి, అక్క మొగుడి పాత వ్యానులో బయలుదేరింది.

"ఇన్నేళ్లు చిప్పలు కడిగావు. ఆఫీసరుతో పెట్టుకుంటే చివరికి చేతికి చిప్పే మిగులుతుంది మరదలా" అన్నాడు బావ.

"నువ్వు రోడ్డు చూడు బావా."

సరస్సు అప్పటికే సగానికి దిగింది. బురద మీద వేలితో గీసినట్టు వందల గీతలు. పిల్లలెవరో ఆడుకున్నారనుకున్నాడు బావ. ఆమె ఒక గీత వెంట నడిచింది. చివర ఒక ఆల్చిప్ప నోరు తెరుచుకుని ఉంది. వెనక్కి పోతున్న నీటి వెంట ఒళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి, అందుకోలేక ఆగిపోయింది. ప్రతి గీత చివరా ఒకటి. ముక్కు పగిలే కంపు.

నీటి అంచున కొన్ని ఇంకా గట్టిగా మూసుకుని ఉన్నాయి. అవి బతికున్నవి. దగ్గర్లో మరో సరస్సు లేదు. ఆ ఎండలో వ్యానులో గంట కూడా ఆగవు. చెప్పులు విడిచి, ఏరి బకెట్లో వేసుకుని, తొడలోతు నీళ్లలోకి వెళ్లి ఒక్కొక్కటే గుండ్రటి కొన కిందికి పెట్టి బురదలో గుచ్చింది. విసిరితే అడ్డంగా పడి చస్తాయి. బావ కూడా ప్యాంటు మడిచి దిగాడు. సాయంత్రానికి రెండు వందల దాకా అయ్యాయి.

తూము కావలివాడు వచ్చి చూశాడు. "ఏంటమ్మా, కూరకా?"

"కాదు నాయనా. మళ్లీ నీళ్లలో పెడుతున్నా."

"ఎందుకమ్మా ఈ శ్రమ? వారంలో నీళ్లు మొత్తం తీసేస్తాం."

బావ బకెట్టు కింద పెట్టేశాడు. "ఇంక పద మరదలా."

ఆమె చేతిలో ఉన్నదాన్ని గుచ్చి, నడుం పట్టుకుని లేచింది. "నడిమధ్యన ఎంత లోతుంటుంది నాయనా? అక్కడ పెడితే?"

"మధ్య అంటూ ఏమీ మిగలదమ్మా" అన్నాడతను.