తిట్లకు నోచుకున్న హమీదా సిస్టర్

ఈ పొద్దున వృద్ధాశ్రమంలో అడుగు పెట్టేసరికి స్టీలు గ్లాసు నేల మీద దొర్లిన చప్పుడు, దాని వెనకే ఒక అవ్వ గొంతు వినిపించాయి. "నీ చేతులు పడిపోను! గిది చాయేనా, కుడితినా?" కొత్త నర్సు ముఖం ముడుచుకుని నేల తుడుస్తోంది. ఆ పిల్లను చూస్తే నాకు జాలి కలగలేదు, కుళ్ళు పుట్టింది. ఎందుకో తెలియాలంటే హమీదా సిస్టర్ గురించి చెప్పాలి.

ఎనభైలలో నర్సు చదువు ముగించి, తల్లాడ నుంచి వెళ్ళి భద్రాచలం శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో చేరాను. అక్కడి పెద్ద నర్సు హమీదా సిస్టర్‌ది ఇల్లందు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆమె దగ్గర పని నేర్చుకోవాల్సిన నేను, సుగుణ అనే ఆయాను చూసి ఏడవడంతోనే పొద్దు పుచ్చేదాన్ని. అవ్వలంతా సుగుణ చిటికేస్తే లేచేవారు, మెతుకు మిగల్చకుండా తినేవారు. వాళ్ళలో పర్ణశాల వైపు నుంచి వచ్చిన ముత్తమ్మ అనే అవ్వ నోటికి మేనేజరే జడిసేవాడు. నేను స్నానం చేయించబోతే "నీళ్ళా, నిప్పులా? నీ నోట్ల మన్నువడ!" అనేది. మంచి చేసుకుందామని తునికి పండ్లు తెచ్చి పెడితే, అన్నీ తిని గింజలు నా కాళ్ళ దగ్గరే ఊసి, పుల్లగున్నయని తిట్టింది. అదే ముత్తమ్మ మనవరాలి వయసున్న సుగుణతో "మీరెట్ల జెప్తే గట్లనే అమ్మా" అనేది. నా కడుపు మండిపోయేది.

ఒకనాడు ఉండబట్టలేక హమీదా సిస్టర్ దగ్గర అక్కసు వెళ్ళగక్కాను. "సుగుణ ఏం మందు పెట్టిందో గానీ సిస్టర్, ముత్తమ్మ ఆమెను మీరు అంటది. తిట్లన్నీ నాకే."

ఆమె నవ్వలేదు. "మీరు అంటదా? మేనేజర్‌నే ఒరేయ్ అంటది గద బేటీ! అది మర్యాద గాదు, భయం."

లేచి నేరుగా ముత్తమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట నడిచాను. పొద్దున పెట్టిన నీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉంది. ముత్తమ్మ పెదవులు ఎండి పగిలాయి. "నీళ్ళు తాగలేదేందవ్వా?" అంటే, ముత్తమ్మ మొదట తలుపు వైపు చూసి, తర్వాత "దూప లేదు" అంది.

మర్నాడు సుగుణను వంటగదికి పంపి, సిస్టరే ముత్తమ్మకు స్నానం చేయించింది. చెంబు నేను పట్టుకున్నాను. జాకెట్ విప్పితే చంక పక్కన, బయటికి కనబడని చోట, గిచ్చిన గుర్తులు. కొన్ని పాతబడి పసుపు తిరిగాయి, కొన్ని కొత్తవి, నల్లగా కమిలి ఉన్నాయి. సిస్టర్ మెల్లగా నీళ్ళు పోస్తూనే అడిగింది. "పక్క తడుస్తదని తాగుత లేవా అవ్వా?"

ముత్తమ్మ బావురుమంది. "తడిస్తె గిచ్చుతది బిడ్డా. ఎవ్వలకన్న చెప్తె బువ్వ బంద్ అన్నది."

ఇన్నాళ్ళూ నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నది ఆ మచ్చలు తెచ్చిపెట్టిన మర్యాదను చూసే!

సుగుణను పంపెయ్యమని సిస్టర్ అడిగితే మేనేజర్ నీళ్ళు నమిలాడు. "అందరూ ఆమె మాట వింటరు గద సిస్టర్." హమీదా సిస్టర్ గొంతు పెంచలేదు. "అవ్, వింటరు. గందుకే పంపియ్యమంటున్న. ఆమె ఉంటె నేనుండ." సుగుణ ఆ రోజే వెళ్ళిపోయింది.

మనిషి పోయినా భయం పోలేదు. ముత్తమ్మ నాతో కూడా "సరేనమ్మా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వినలేకపోయేదాన్ని. సిస్టర్ మాత్రం రోజూ పక్కన కూర్చుని గుక్క గుక్కగా నీళ్ళు తాగించేది. తడిసిన పక్కను నోరు మెదపకుండా మార్చేది. చలికాలం వచ్చాక ఒకరోజు సిస్టర్ చేతిలో గ్లాసు తొణికి నీళ్ళు ముత్తమ్మ ఒడిలో పడ్డాయి. "ఏమే హమీదా, కండ్లు నెత్తికెక్కినయా? నీ నోట్ల మన్నువడ!" గదంతా ఇటు తిరిగింది. సిస్టర్ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి అనవ్వా" అంది. నేనూ పక్కనే ఉన్నాను. అయినా ఆ మొదటి తిట్టు ఆమెకే దక్కింది. దానికి నేను ఇప్పటికీ ఓర్వలేను.

ఇప్పుడు పెద్ద నర్సును నేనే. ఏ గదిలోకి వెళ్ళినా నిండుగా మిగిలిన గ్లాసుల కోసం వెతుకుతాను, ఎవరు ఎవరిని తిట్టడం లేదో చెవి పెట్టి వింటాను. ఈ పొద్దున కూడా, గ్లాసు దొర్లించిన ఆ అవ్వకు వేరే చాయ్ పెట్టించి నేనే తీసుకెళ్ళాను. అవ్వ సర్దుకుని కూర్చుని, "మీరెందుకు తెచ్చిన్రు మేడమ్" అంది. మంచం మీద పక్కన కూర్చున్నాను. "నన్ను మీరంటవేందవ్వా? నిన్నెవరన్న ఏమన్న అన్నరా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. చాయ్ గుక్క వేసి ముఖం చిట్లించింది.

"నీది గూడ కుడితేనే, పోవే!"

నా ప్రాణం లేచి వచ్చింది.