వాన పడకముందే

నా చిన్నప్పుడు నేను సెలవు రోజుల్లో దుప్పుల పెంటికలు ఏరేదాన్ని. ఈ సంగతి చెబితే మా మనవరాళ్లు ముక్కు మూసుకుని నవ్వుతారు.

అప్పుడు మేం సూరత్‌లో, పాండేసరలో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడి రంగుల మిల్లులో పనిచేసేవాడు. పక్కింటి అక్క పశువుల డాక్టరు చదువుతుండేది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మా కుటుంబాల్లో అంత చదువుకు వెళ్లిన ఆడపిల్ల అంతకుముందు ఎవరూ లేరు.

ఊరి బయట కామ్‌రేజ్ దాటాక తాపీ నది ఒడ్డున కంచె వేసిన చిన్న అడవి ఒకటి ఉండేది. అందులో చుక్కల దుప్పులు మేసేవి, మధ్యాహ్నాలు చెట్ల నీడన పడుకుని నెమరు వేసేవి. ఏటా వానాకాలంలో వాటి పిల్లలు చచ్చిపోయేవి. దవడ కింద నీరు దిగి, పారుకుని, నిలబడే శక్తి లేక కూలిపోయేవి. ఇంకొక్క వానాకాలం ఇలాగే గడిస్తే మిగిలిన వాటిని లారీల్లో వేరే చోటికి పంపేస్తామని పైవాళ్లు చెప్పేశారట. దుప్పులను చూసుకునే గుజరాతీ కాకా ఆ మాట చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

కడుపులో నులిపురుగులే ఈ చావులకు కారణమని అక్క అనుమానం. నెలనెలా పెంటికలు ఏరి తెచ్చి, కాలేజీలో మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు వెతికేది. ఒంటరిగా పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోకపోవడంతో నన్ను తోడు తీసుకెళ్లేది. వానల్లో గుడ్లు విపరీతంగా కనిపించాయని చెప్పింది. చలికాలం గడిచేకొద్దీ తగ్గాయి. ఎండలు ముదిరేసరికి దాదాపు ఏమీ లేవు. అయినా మానలేదు. తలకు చున్నీ చుట్టుకుని, కాలుతున్న నేల మీద వంగి వంగి ఏరుతూనే ఉంది. నాకు విసుగొచ్చి అడిగేశాను.

"ఏంది అక్కా, ఏం లేవంటివి గద! ఇంకెందుకు ఏరుడు?"

"కనవడ్తలేవంటే లేవని కాదే. దుప్పుల కడుపుల పండుకున్నయ్. వాన కోసమే చూస్తున్నయ్."

వానలకు ముందే మందు పెడదామని అక్క అడిగితే కాకా ససేమిరా అన్నాడు. దుప్పులు నిగనిగలాడుతూ గెంతుతున్నాయి. "అభీ తో సబ్ ఠీక్ హై, బేటీ" అని, ఇప్పుడంతా బాగానే ఉందిగా అన్నట్టు నవ్వి, గడ్డిమోపు ఎత్తుకుని వెళ్లిపోయాడు. మరోసారి వెళ్లి అడిగితే ఆ నవ్వు కూడా లేదు.

అక్క అతనితో వాదించలేదు. రెండు గాజు సీసాల్లో, ఒకటీ అరా గుడ్లు మిగిలిన అవే పెంటికలు వేసింది. ఒకదాన్ని పొడిగా వదిలేసింది. రెండోదాంట్లో రోజూ నాతో నాలుగు చుక్కల నీళ్లు చల్లించింది. వారం దాటాక రెండింటినీ కాకా ముందు పెట్టి, చేతికి భూతద్దం ఇచ్చింది. పొడి సీసాలో ఏమీ లేదు. తడి సీసా గోడకు పట్టిన చెమ్మలో వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ పైకి పాకుతున్నాయి.

"వాన పడితే గడ్డిపోచ మీదికి గిట్లనే ఎక్కుతయ్ కాకా. పిల్లలు ఆ గడ్డే మేస్తయ్" అని, అదే మాట హిందీలో మళ్లీ చెప్పింది.

కాకా చాలాసేపు భూతద్దం దించలేదు. దించాక, మందు ఎలా కలపాలని మాత్రం అడిగాడు.

మొదటి వానకు ముందే దాణాలో మందు కలిపారు. నీళ్లు నిలిచే పల్లానికి దుప్పులు వెళ్లకుండా ముళ్లకంప అడ్డం వేశారు. మేత నేల మీద పరచడం మాని, కర్రలతో ఎత్తుగా కట్టిన తొట్టెల్లో వేశారు. అయినా శ్రావణంలో ఒక పిల్ల చచ్చిపోయింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. అక్క చున్నీ నడుముకు బిగించి, దాని పొట్ట కోసి చూసింది. ఈసారి పురుగులు కొద్దిగానే ఉన్నాయి, వానకు తడిసి ఊపిరితిత్తులు చెడ్డాయని చెప్పింది. ఆ సాయంత్రమే కాకాతో కలిసి పిల్లలు తడవకుండా పాక వేయించింది. వానలు వెనకబట్టేసరికి మిగిలిన పిల్లలన్నీ తల్లుల వెంట పరుగెడుతున్నాయి. లారీలు రాలేదు.

పెద్దయ్యాక నేను బస్తీల్లో పిల్లల ఆరోగ్యం చూసే పనిలో చేరాను. రిటైరైనా, నులిపురుగుల గోలీలు పంచే రోజు వస్తే ఇప్పటికీ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతాను. సూరత్ దగ్గరి జోల్వాలో మొన్న ఒక తల్లి తలుపు సగమే తీసింది.

"పోరి మంచిగనే ఆడుకుంటుంది గదమ్మా. ఇప్పుడెందుకు గోలీ?"

"మంచిగున్నప్పుడే ఇయ్యాలె బిడ్డా" అని ఆ గుమ్మంలోనే చతికిలబడ్డాను. పిల్ల గోలీ నమిలి, నోరు తెరిచి చూపించేదాకా లేవలేదు.