పదహారు పేజీల నాటకం

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పదేళ్ల వయసు నుంచి డైరీ రాస్తున్నాను గాని, అందులో కూడా రాయలేదు. పదకొండేళ్లప్పుడు నేను ఒక నాటకంలోంచి పన్నెండు లైన్లు తీసేశాను. ఆ నాటకం పుస్తకం ఇప్పటికీ మా నాన్న బీరువా సొరుగులో ఉంది. నాలుగు కాగితాలు మధ్యకు మడిచి పిన్ను కొడితే ఎంతుంటుందో అంతే. నిన్న నాన్న మందుల చీటీ కోసం సొరుగు లాగితే వేడి కాగితం మీద ఆరిన జెరాక్స్ ఇంకు వాసన, దాని వెనకే దుకాణంలో పొద్దస్తమానం వేసే ఊదు పొగ వాసన ముఖానికి కొట్టాయి, ఇన్నేళ్లయినా పోకుండా.

జెద్దాలో మా అమ్మ నర్సు. నాన్న పాత ఊరైన బలద్‌లో, చెక్క కిటికీల పాత మేడ కింద ఉన్న ఒక జెరాక్స్ దుకాణంలో పనిచేసేవాడు. శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు దాకా దుకాణం మూసే ఉండేది. ఆ కాసేపు సొంత పనులకు మిషను వాడుకోనిచ్చేవాడు నాన్న కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. అమ్మకు శుక్రవారం డ్యూటీ పడితే నాన్న నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఎండాకాలంలో సముద్రపు ఉక్కకు రీముల్లోని కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి మిషనులో ఇరుక్కునేవి. చలికాలం పేరుకే గాని, ఆ నాలుగు వారాలూ షట్టరు సగం ఎత్తితే సందులోంచి చల్లగాలి, పక్క కొట్టులోని యాలకుల వాసన, ఎదురు పొయ్యిలో కాలే ఖుబూసు రొట్టెల వాసన కలిసి లోపలికొచ్చేవి. నేను నేల మీద సుద్దతో గడులు గీసుకుని, ఖర్జూరం గింజలు చీల్చి గవ్వలు చేసుకుని, నాతో నేనే అష్టాచెమ్మా ఆడుకునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పలేక రీముల వెనక దాక్కునేదాన్ని.

నాకు అక్షరాలు వచ్చింది నాటకం పుస్తకాల్లోంచే. మా తాత తెనాలిలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. ఆ ప్రెస్సు వేసేవన్నీ విడివిడి నాటకాలే, ఒక్కో పుస్తకం ఒక్కో నాటకం, రంగు కాగితం అట్ట, లోపల న్యూసుప్రింటు, స్టేషన్లోనూ తిరునాళ్లలోనూ తాడుకు వేలాడదీసి అమ్మేవి. నాన్న వాటిలో ఓ ముప్పై తన పెట్టెలో బట్టల కింద పరుచుకుని ఈ దేశం తెచ్చుకున్నాడు. పెద్ద కాగితాన్ని రెండువైపులా అచ్చేసి మడతలు పెడితే పదహారు పేజీలొస్తాయి, దాన్ని ఫారం అంటారు. నాటకం ఫారంలో ఇమడాలి, రెండైతే రెంటిలో ఇమడాలి. "ఫారం దాటి ఒక్క లైను పోనిచ్చేవాడు కాదమ్మడూ మా నాన్న. చివర మూడు పేజీలు బోసిగా ఉంటే అది పుస్తకమేంటి, ఈస్ట్‌మన్ కలరు జాకెట్టుకి తెల్ల చేతులు కుట్టినట్టు!" అని తన పోలికకి తనే నవ్వేవాడు నాన్న.

గంగరాజం తాత ఆ దుకాణానికి వచ్చింది ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డుకు జెరాక్సు కోసం. జగిత్యాల వైపు మనిషి, మేస్త్రీ, ఇరవై ఏళ్లుగా ఇక్కడ గోడలకు నునుపు చేస్తున్నాడు. బల్ల మీది నాటకం పుస్తకాలు చూసి అవేంటని అడిగి, తమ ఊళ్లోనూ ఒక నాటకం ఉండేదని, దానికి పుస్తకం లేదని, ఆడినవాళ్లలో తానొక్కడే మిగిలానని నాన్నతో చెప్పాడు. కుమ్మరిని పట్టుకెళ్లి రాజును చేసే కథ అది. తాతకు చదువు రాదు. ఈ దేశం వదిలి పూర్తిగా వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ దగ్గర పడుతోంది. పుస్తకమై ఊరికి వెళితే పిల్లలు చదువుకుని మళ్లీ ఆడతారని ఆయన ఆశ.

"మా అమ్మాయి రాస్తుందిలే," అన్నాడు నాన్న, నన్నడక్కుండానే.

"గీ పొల్లనా? మాట్లాడుతదా అసలు?"

"మాట్లాడదు. రాస్తుంది."

"గట్లయితే మంచిదే. నడుమల అడ్డం రాదు."

అలా రెండు నెలల శుక్రవారాలు నడిచాయి. తాత బోర్లించిన ఖర్జూరం డబ్బా మీద వేళ్లతో దరువేస్తూ చెప్పేవాడు, నేను స్కూలు నోటుబుక్కులో రాసేదాన్ని. నడుమ ఆగితే ఆయనకు అందేది కాదు. మాట దరువులో ఉంటుంది గాని విడిగా ఉండదు, మళ్లీ ఆ రంగం మొదటి నుంచి అందుకోవాల్సిందే. రాజు మాటలకు రొమ్ము విరిచేవాడు, ఆడవేషానికి మెడలోని తువాలు నెత్తిన కప్పుకునేవాడు, ఒక్కోసారి మాట్లాడుతూనే అరచేత్తో గాలిలో గోడ నునుపు చేసేవాడు. అమ్మ పంపిన కోడికూర, గారెలు మధ్యాహ్నం ముగ్గురం కాగితం పరుచుకుని తినేవాళ్లం. "మీ కోస్తోల్లు గారెల అల్లం గింత దంచుతరా, నోరు కాలి పాట వస్తలేదు," అని ఆయన వెక్కిరిస్తూనే నాలుగోది తీసుకునేవాడు. ఆ శుక్రవారాల్లోనే నేను మొదటిసారి బయటి మనిషి ముందు గట్టిగా నవ్వాను.

కుమ్మరి భార్య మాలవ్వ. మొగుణ్ని కోటకు తీసుకుపోయాక ఒంటరిగా కూర్చుని, ఆగిపోయిన కుండల సారెతో మాట్లాడుతుంది. పన్నెండు లైన్ల పాట. వయసులో ఉన్నప్పుడు తాత కట్టింది ఆ వేషమేనట. అది చెప్పిన రోజు ఆయన డబ్బా కొట్టలేదు. చివర్లో తువాలుతో ముఖం తుడుచుకున్నాడు, నేను చెమట అనుకున్నాను.

ఆయన ప్రయాణం ఆదివారం. శుక్రవారం పొద్దున్నే దుకాణంలోని కంప్యూటరు ముందు కూర్చుని, నాన్న నేర్పిన తెలుగు టైపుతో మొత్తం కొట్టి చూస్తే నాటకం పదహారో పేజీ దాటి పన్నెండు లైన్లు పోయింది. "ఖాళీలు తగ్గించమ్మా, సరిపోద్ది," అని నాన్న, తాతతో కలిసి అట్టకు రంగు కాగితం ఎంచడానికి అవతలి గదిలోకి వెళ్లాడు. నేను ఖాళీలన్నీ తగ్గించాకే ఆ పన్నెండు మిగిలాయి. అక్షరాలు ఇంకా చిన్నవి చేస్తే ఆనవు. లేచి వెళ్లి నాకు చేతకాలేదని చెప్పాలి. ఇద్దరి ముందు ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. తెర మీద పేజీలు తిప్పుతూ నాటకంలో ఏమీ జరగని చోటు కోసం వెతికాను. సారెతో మాట్లాడేటప్పుడు ఎవరూ రారు, ఎవరూ పోరు. ఆ పాట తీసేస్తే కథ ఎక్కడా తెగలేదు, లెక్క సరిగ్గా కుదిరింది.

"సరిపోయిందా?" నాన్న గుమ్మంలోంచి అడిగాడు.

"సరిపోయింది."

నోటుబుక్కులో ఆ పేజీ కనపడితే దొరికిపోతానని చించి, కటింగు ముక్కల సంచిలో తోసేశాను. సాయంత్రానికి సంచి చెత్తబండిలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనూ ఇక్కడే నర్సుని. డ్యూటీలో దొరికే పది నిమిషాల్లో ఫోనులో ఏదో ఒకటి చదువుతుంటాను. మొన్నామధ్య స్పెయిను దేశపు పాత నాటకాల అచ్చు గురించి చదివాను. వందల ఏళ్ల కిందట అక్కడా నాటకాలను విడివిడిగా, చవక కాగితం మీద అచ్చేసి అమ్మేవారట. అట్టయినా ఉండదు, మొదటి పేజీ తలమీద నాటకం పేరు, కింద పాత్రల పేర్లు, వెంటనే ఆట మొదలు, పేజీకి రెండు వరసలు. కాగితం అయిపోవస్తుంటే చివర అక్షరం చిన్నదయ్యేది, అప్పటికీ పట్టకపోతే లైన్లు ఎగిరిపోయేవి. చదువుతుంటే ఆ అచ్చుగదిలో ఒక మూల నేను కూర్చునే ఉన్నాననిపించింది. అయితే అక్కడ ఒకరు వేసిన నాటకాన్నే ఇంకొకరూ వేసేవారు కాబట్టి, ఒక ప్రతిలో పోయిన లైను మరో ప్రతిలో దొరుకుతుందని, పండితులు వాటిని పక్కపక్కన పెట్టి చూస్తారని రాశారు. మా నాటకానికి అచ్చు ఒక్కటే.

పోయిన నెల ఊరి నుంచి లత ఫోను చేసింది, గంగరాజం తాత మనవరాలు. తాత ఊరికి వెళ్లిన రెండో వానాకాలంలోనే పోయాడు. గుంపు మళ్లీ కూడింది ఆ తర్వాతే, ఆయన తీసుకెళ్లిన ఆ పుస్తకాలతోనే. ఈసారి మాలవ్వ వేషం లతదట, వాళ్లలో మొదటి ఆడపిల్ల.

"అక్కా, మాలవ్వకు ఒక పాట ఉండాలె. నా చిన్నప్పుడు తాత పాడుతుంటే మా నానమ్మ ఏడుస్తుండె. బుక్కుల లేదు. నీకేమన్న యాదికున్నదా?"

నాకు సారె గుర్తుంది, తువాలు గుర్తుంది. ఒక్క మాట గుర్తు లేదు. ఎన్నిసార్లు కళ్లు మూసుకుని డబ్బా దరువు వినడానికి ప్రయత్నించానో. ఆ రోజు ఆయన అసలు డబ్బా కొట్టలేదు.

"లేదు లతా," అన్నాను.

"పోనీ తియ్యక్కా, ముసలోడు గద, చెప్పేటప్పుడు తాతనే మర్చిపోయిండేమో," అని అటు నుంచి ఆమే నన్ను ఓదార్చింది. అప్పుడైనా చెప్పాల్సింది.

బలద్‌లో ఆ వీధి మేడలకు మరమ్మతులని దుకాణాలన్నీ ఖాళీ చేయించారు. నాన్న కఫీలు కాలం చేశాడు. నాన్నకు చూపు తగ్గి తెనాలి పుస్తకాలు చదవలేడు. ఇంటికి ఎవరొచ్చినా సొరుగులోంచి ఈ పదహారు పేజీలు తీసి, మా అమ్మాయి పదకొండేళ్లకే చేసిన పుస్తకం, చూడండి ఒక్క లైను బయటికి పోలేదు అంటాడు. నేను టీ తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్లిపోతాను.

తాత ప్రయాణమైన ఆ ఆదివారం ఎయిర్‌పోర్టుకు వెళ్లే వ్యాను మా వీధి మలుపులో ఆగింది. తాత తాళ్లు కట్టిన పెట్టెను లోపలే ఉంచి దిగి, నాన్నను కౌగలించుకుని, నా ముందుకొచ్చి పుస్తకం తెరిచాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిగా తిప్పి ఇచ్చాను. ఆయన పేజీ మీద అరచేయి వేసి, పైనుంచి కిందికి మెల్లగా గోడను నిమిరినట్టు నిమిరాడు.

"ఒక్క మాట గూడ మర్వలే బిడ్డా నేను. అంత నీ చేతుల వెట్టి పోతున్న."